గుర్తింపు లేని బడి

మొన్న ఆదివారం, యాప్రాల్‌లో నేనుంటున్న మా అమ్మాయి ఇంటికి నాన్న శిష్యుడొకాయన పెళ్ళి శుభలేఖ లాంటి కార్డు పట్టుకుని వచ్చాడు. నాన్న శతజయంతిని సికింద్రాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో చేస్తున్నారట. కార్డు మీద నాన్న ఫోటో, దాని కింద బంగారు రంగు అక్షరాల్లో ‘స్వేచ్ఛావాది’ అన్న మాట. ఈ శిష్యుడు బోయిగూడ టింబరు డిపో మేస్త్రి కొడుకు. చిన్నప్పుడు నాన్న దగ్గర చదివి, తర్వాత ఇళ్ళకు పర్మిషన్లిచ్చే ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి, ఇప్పుడు పింఛను మీద హాయిగా ఉన్నాడు. నన్ను వేదిక ఎక్కించి శాలువా కప్పుతామన్నాడు, రెండు మాటలు మాట్లాడాలన్నాడు, ఆ రెండు మాటలేమిటో కూడా తనే చెప్పాడు. సర్కారు పరీక్షను నా అంతట నేనే వద్దనుకున్న సంగతి చెప్పాలట. టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్ళి, స్టవ్ వెలిగించకుండానే కాసేపు నిలబడ్డాను.

మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు సిమెంటు బస్తాకు కూడా పర్మిట్ కావాలి. నాన్న ఆ పర్మిట్లిచ్చే ఆఫీసులో గుమాస్తా. వానలు పడేలోగా గోడ లేపుకుందామని వచ్చినవాడు వానాకాలమంతా ఆఫీసు వరండాలోనే నిలబడటం చూసి చూసి, ఒకడు తన ఇల్లు కట్టుకోవడానికి సెలవివ్వడానికి నేనెవణ్ణని, ఒకరోజు రాజీనామా పడేసి ఇంటికొచ్చాడట. అక్కడ మొదలైన ఆలోచన ఇక ఎక్కడా ఆగలేదు. ఒక మనిషిని ఇంకో మనిషి బలవంతపెట్టకూడదు, పెట్టేది దొరైనా, కులపెద్దయినా, జనం ఓట్లేసి గెలిపించిన సర్కారైనా ఒకటే అనేవాడు. ఓటు వేయలేదు, రేషన్ కార్డు తీసుకోలేదు, కిరోసిన్ కోసం అమ్మ పక్కింటివాళ్ళను బతిమాలుకునేది. ఎర్రజెండా మిత్రులు ఆయన్ని షావుకార్ల మనిషన్నారు. లైసెన్సులు దండగన్నాడని విని షావుకార్లు మిఠాయి డబ్బాతో వచ్చారు గానీ, కొత్తవాణ్ణి దుకాణం పెట్టుకోనివ్వకుండా మీరంతా ఒక్కటై అడ్డం పడటం కూడా బలవంతమేనని ఆయన అనేసరికి మళ్ళీ మా గడప తొక్కలేదు. మిఠాయి మాత్రం మేం తిన్నాం.

తర్వాత బోయిగూడలో మేమున్న అద్దె ఇంట్లోనే ముందు గదిలో బడి పెట్టాడు. గంట లేదు, హాజరు లేదు, బెత్తం అసలే లేదు. రావాలనిపించినవాడు రావచ్చు, వెళ్ళాలనిపించినవాడు వెళ్ళవచ్చు. చిత్రమేమంటే పిల్లలు వెళ్ళేవాళ్ళు కాదు. కోత మిషన్ల చప్పుడు మధ్య, రంపపు పొట్టు అంటుకున్న కాళ్ళతో టింబరు డిపోల పిల్లలు, బన్సీలాల్‌పేట నుంచి నడిచొచ్చే పిల్లలు, చీకటి పడ్డా చాపల మీదనుంచి లేచేవాళ్ళు కాదు. అంత బాగా చెప్పే మాస్టారిని నేను మళ్ళీ చూడలేదు, ఇది కోపంలో ఉండి కూడా ఒప్పుకోవలసిన మాట.

అయితే పదో తరగతి పరీక్షకు కూర్చోవాలంటే సర్కారు గుర్తింపు ఉన్న బడిలో పేరుండాలి. గుర్తింపుకు అర్జీ పెట్టుకోండి మాస్టారూ అని తనిఖీకి వచ్చిన అధికారి మర్యాదగానే చెప్పాడు. నా దగ్గర చదివేది పిల్లలు, నన్ను గుర్తించాల్సింది వాళ్ళు అని నాన్న అంతే మర్యాదగా జవాబిచ్చాడు. ఆ మాట ఊరంతా పాకింది, అందరూ భేష్ అన్నారు, అన్నవాళ్ళంతా ఒక్కొక్కరే తమ పిల్లలను తీసుకెళ్ళి గుర్తింపు ఉన్న బళ్ళలో చేర్చారు. నాన్న ఎవరినీ ఆపలేదు, తలుపు దాకా వచ్చి మరీ సాగనంపాడు. ఆఖరికి ఆ గదిలో చాప మీద నేనొక్కదాన్నే మిగిలాను.

నాకు నర్సు కావాలని ఉండేది. స్టేషన్ దగ్గరి పెద్దాసుపత్రికి తెల్లబట్టలతో నడిచివెళ్ళే నర్సమ్మలను చూడటానికే పొద్దున్నే వాకిలి ఊడ్చే పని నేను తీసుకునేదాన్ని. ఆ ట్రైనింగుకు పదో తరగతి పాసై ఉండాలి. ఈ సంగతి అమ్మకు తెలుసు. నన్ను కూడా గుర్తింపు ఉన్న బడిలో చేర్చమన్న అమ్మ పోరు పడలేక ఒకరోజు నాన్న నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

“నీకేం గావాలె బిడ్డా? ఆ బడికి పోతవా, ఈడనే ఉంటవా? నీ ఇష్టం. నేనైతె ఏమనను.”

“పిల్లను గట్ల అడుగుతరా ఎవరన్న? పో అని చెప్పున్రి, పోతది” అంది అమ్మ.

“చెప్తె అది హుకుం అయితది గద” అన్నాడు నాన్న.

ఆయన నిజంగానే అడిగాడు. పోతానంటే నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చేర్పించేవాడు కూడా. కానీ ఖాళీ గదిలో, చేతిలో సుద్దముక్కతో కూర్చున్న తండ్రిని పట్టుకుని, పద్నాలుగేళ్ళ పిల్ల ఏమంటుంది? ఈడనే ఉంటా నాన్నా అన్నాను. అమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాన్న ముఖం వెలిగిపోయింది, ఆ వెలుగును నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. ఆ తర్వాత ఆదివారాల్లో ఆయన ఉపన్యాసం వినడానికి వచ్చేవాళ్ళందరికీ నన్ను చూపించి, ఎవరి బలవంతమూ లేకుండా సర్కారు పరీక్షను కాదన్న పిల్ల అని చెప్పేవాడు. నేను వాళ్ళకు టీ అందిస్తూ నా గొప్పతనం గురించి వినేదాన్ని.

తర్వాతైనా, వయసొచ్చాక బడితో పని లేకుండా ప్రైవేటుగా రాసి ఉండొచ్చు కదా అంటారు. నాన్న పోయాడు, పెళ్ళయింది, చంకలోకి పిల్ల వచ్చింది, రాస్తానంటే అత్తగారింట్లో నవ్వారు. ఆఖరికి ఆసుపత్రిలోనే పని చేశాను, ఆయాగా. మంచం కాళ్ళ దగ్గర వేలాడే ఇంగ్లీషు చార్టు గడగడా చదవగలిగేదాన్ని, నాన్న చెప్పిన చదువు మరి. దాన్ని ముట్టుకునే హక్కు మాత్రం నాకు లేదు. నా కూతురి వయసు నర్సులు పక్కకు జరుగమ్మా అంటే జరిగేదాన్ని.

టీ తీసుకుని బయటికొచ్చాను.

“అక్కా, మీరు మీ ఇష్టంతోనే రాయలేదు గదా” అన్నాడు శిష్యుడు.

“రాయాలనే ఉండె తమ్మీ. నర్సు కావాలనుకున్న.”

ఆయన కప్పు కింద పెట్టి, కార్డును నా వైపు జరిపాడు.

“గిప్పుడు గదంత ఎందుకక్కా. కార్డులు సుత పంచినం.”

సభకు నేను వెళ్ళను. మొన్నామధ్య బోయిగూడ వెళ్తే మా ఇల్లున్న చోట ఇప్పుడొక పెద్ద బడి ఉంది, దాని బోర్డు మీద బడి పేరుకన్నా గుర్తింపు నంబరే పెద్దది. మా మనవరాలు ఏం చదవాలో మా అమ్మాయీ అల్లుడూ భోజనాల దగ్గరే తేల్చేశారు. ఆ పిల్ల తల వంచుకుని తింటూ ఉంది. దాన్ని కూడా ఒక మాట అడగండని చెప్పబోయి, అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు కనుక, నోరు మూసుకున్నాను. పుట్టింట్లో, అత్తింట్లో, ఆసుపత్రిలో, ఈ ఇంట్లో, ఇన్నేళ్ళలో నీకేం కావాలని నన్ను అడిగినవాడు మా నాన్న ఒక్కడే. నర్సు కావాలని ఉంది నాన్నా, ఆ బడికి పోతాను అనడానికి ఇప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ఆయన లేడు.