ఆదివారం నాలుగింటికి తెగే లైను

మా నాయనకు గొంతు తీసేసిన తర్వాత ఇంట్లో అరుపులన్నీ నా వంతుకొచ్చాయి. అంతకుముందు ఇద్దరం సమంగా అరుచుకునేవాళ్ళం. ఆయన కరెంటాఫీసులో వైర్‌మాన్‌గా చేసి రిటైరైన మనిషి, ముక్కు మీద కోపం. ఇల్లూ పొలమూ ఏమీ ఇవ్వలేదు గానీ ఆ కోపాన్ని మాత్రం నాకు సగం పంచి ఇచ్చాడు. పుదుచ్చేరిలో ఒర్లియంపేటలో ఒక అద్దె ఇంట్లో మేమిద్దరమే ఉండేవాళ్ళం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మాతోనే ఉండిన అవ్వ, అంటే నాయన తల్లి, పోయి అప్పటికి రెండేళ్ళు. నేను లాస్‌పేటలో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేసేదాన్ని.

గొంతులో వచ్చిన గడ్డ మంచిది కాదన్నారు డాక్టర్లు. స్వరపేటిక మొత్తం తీసేసి మెడ మీద ఒక రంధ్రం పెట్టారు. ఊపిరి పీల్చడం, వదలడం అంతా దాంట్లోంచే. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు నేనొక పలక కొనిచ్చాను. ఆయనకు తెలుగు అక్షరాలు రావు. మా ఊళ్ళో మావాళ్ళలో చాలామందికి రావు. బడి చదువంతా తమిళంలో, తెలుగేమో ఇంట్లో మాట్లాడుకోవడానికీ తిట్టుకోవడానికీ. అందుకని పలక మీద తెలుగు మాటను తమిళ అక్షరాలతో రాసేవాడు. నేనైనా తెలుగు అక్షరాలు దిద్దుకున్నది నలభై దాటిన తర్వాతే.

గొంతుతో పాటు ఆయనకు పోయిన వాటిలో పెద్దది ఆదివారం ఫోను. ఆయన తమ్ముడు, మా చిన్నాయన, ఫ్రెంచి జాతీయత ఉన్న ఇంటి పిల్లను చేసుకుని, అక్కడి పటాలంలో చేరి, ఫ్రాన్సులోనే ఉండిపోయాడు. మా ఊళ్ళో వీధికొక ఇల్లు అట్లాంటిది ఉంటుంది, అదేమీ విశేషం కాదు. ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆయన ఫోను చేసేవాడు. ఇక్కడ వాన పడిందా, అక్కడ మంచు పడిందా, బీపీ మాత్ర వేసుకున్నావా, అంతే. పది నిమిషాల ఫోనులో ఐదు నిమిషాలు ఇద్దరూ ఊరికే ఉండేవాళ్ళు. ఎందుకు ఊరికే ఉంటారో నాకు తెలుసు.

అవ్వ ఇరవై రోజులు మంచం పట్టి పోయింది. చిన్నాయన వచ్చేవారం వస్తా, వచ్చేవారం వస్తా అంటూనే ఉన్నాడు. లీవు దొరకలేదో టికెట్టు దొరకలేదో, రాలేదు. అవ్వ పోయిన పొద్దున ఆయన ఏడుస్తూ ఫోను చేసి, బయలుదేరుతున్నానన్నాడు. నాయన రిసీవరు పట్టుకుని వీధి వీధంతా వినేటట్టు అరిచాడు.

"ఇప్పుడేంది నువ్వొచ్చేది! అమ్మ నీ పేరే ఎత్తలా. ఒక్క తూరి గూడా నిన్ను అడగలా. యాడుండావో ఆడే ఉండు!"

ఠపీమని ఫోను పెట్టేశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. అది పచ్చి అబద్ధం. అవ్వ చిన్నకొడుకును అడగని రోజు లేదు. ఆ సంగతి నేనైనా చిన్నాయనకు చెప్పి ఉండొచ్చు, చెప్పలేదు. కోపంలో అన్న మాట, అన్నదమ్ములు వాళ్ళే సర్దుకుంటారులే అనుకున్నాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు పెద్దలు. నాయన నోరు జారాడు, తీసుకుందామనుకునేసరికి గొంతే లేకుండా పోయింది.

ఆపరేషనైన ఆరు నెలలకు చిన్నాయన నాకు ఫోను చేసి, "ఇంట్లో ఒక కంప్యూటర్ పెట్టుమా. అన్న టైపు చేస్తాడు, నేనూ టైపు చేస్తా. అట్లయినా మాట్లాడుకుంటాం" అన్నాడు. కంప్యూటర్ కొన్నాను. బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాను. కంపెనీవాళ్ళే ఒక మోడెం ఇచ్చారు, నల్లటి డబ్బా, ముందు నాలుగు పచ్చలైట్లు. అరవై దాటిన వయసులో నాయన ఒక్క వేలితో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టడం నేర్చుకున్నాడు. "ఏం చేస్తావుండావు" అని కొట్టడానికి మొదట్లో ఐదు నిమిషాలు పట్టేది. అవతల చిన్నాయన ఓపిగ్గా కూర్చునేవాడు. ఆదివారం వస్తే నాయన స్నానం చేసి, మెడ రంధ్రానికి అడ్డంగా ఉతికిన గుడ్డ కట్టుకుని, మూడున్నరకే కుర్చీలో చేరేవాడు. ఆయన్నట్లా చూస్తుంటే నాకు కడుపు నిండిపోయేది.

మూడు నెలలు బాగా నడిచింది. తర్వాత పట్టింది పీడ. మోడెం మీద మూడో లైటు మినుకు మినుకుమని ఆరిపోయేది, లైను తెగేది. దాన్ని ఆపి మళ్ళీ వేస్తే ఒక గంట పనిచేసేది, మళ్ళీ అదే కథ. వారం మధ్యలో తెగినా తెగకపోయినా, ఆదివారం నాలుగింటికి మాత్రం తప్పకుండా తెగేది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నట్టుండేది మా పని.

ఒక ఆదివారం నేను నాయన కుర్చీ వెనకాల నిలబడి ఉన్నాను. తెర మీద చిన్నాయన మాట పడింది.

"అన్నా, ఒకటి అడగతా. అమ్మ నిజంగా నన్ను అడగలేదా?"

మూడేళ్ళుగా ఈ మనిషి ఇంత ముల్లు లోపల పెట్టుకుని వాన గురించీ మంచు గురించీ మాట్లాడాడా! ఇంతలో వంటింట్లో పాలు పొంగిన వాసనొచ్చి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి మోడెం లైట్లన్నీ ఆరిపోయి ఉన్నాయి. నాయన దానివైపు చేయి చూపి తల అడ్డంగా ఊపాడు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. చిన్నాయన ఏమనుకుంటాడు? అప్పుడు ఫోను ఠపీమని పెట్టేసిన అన్న ఇప్పుడూ లేచి వెళ్ళిపోయాడనే గదా అనుకునేది! అనుకున్నట్టే తర్వాతి రెండు ఆదివారాలూ ఆయన రాలేదు. మూడో ఆదివారం వచ్చాడు, కాసేపటికి మళ్ళీ లైను తెగింది. ఆ దిక్కుమాలిన డబ్బా మారితే తప్ప నాయన జవాబు చెప్పలేడని నాకు తోచింది. అవ్వ అడిగిందన్న మాట చిన్నాయనకు చేరాలి. అది నాయన నోటి మాటగానే చేరాలి, నేను చెబితే ఓదార్పుకు చెప్పినట్టుంటుంది. ఇక ఆ మోడెం సంగతి చూడాల్సిందేనని కొంగు బిగించాను.

కంపెనీకి ఫోను చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అని చెప్పే గొంతు తప్ప మనిషి దొరకడు. దొరికిన మనిషి నిమ్మకు నీరెత్తినట్టు, "కంప్లైంటు రాసుకున్నాం మేడం" అంటాడు. రోజూ కాలేజీ నుంచి రాగానే ఫోను పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. నా అరుపులకు ఎదురింటివాళ్ళు కిటికీ మూసుకునేవాళ్ళు. చివరికి ఒక లైన్‌మాన్‌ని పంపారు. జుట్టంతా నెరిసిన మనిషి, ఆయనదీ తెలుగిల్లే. ఎండలో స్తంభమెక్కి, దిగి, చెమట తుడుచుకుంటూ లోపలికొచ్చాడు.

"సముద్రం గాలికి బయట జాయింటు చిలుము పట్టి పచ్చబడింది, మార్చేసినానమ్మా. వైరంతా బాగుండాది. ఈ మోడెమే సరిలేదు, వేడెక్కి వేడెక్కి చచ్చింది."

"అట్లయితే కొత్తది ఇయ్యండి."

"స్టాకు లేదే! ఎప్పుడొస్తాదో దేవుడికే తెలవాల. బయట ఒకటి కొనుక్కోండి, నేనొచ్చి పెట్టిస్తా. అవునూ, లైను తెగితే మూడో లైటొకటే ఆరతాదా, అన్నీ ఆరతాయా?"

"ఊరికే ఉన్నప్పుడు మూడోదే. ఆదివారం మాత్రం అన్నీ."

ఆయన నాయన వైపు తిరిగాడు. వైర్‌మాన్‌గా చేసిన మనిషని మాటల్లో అంతకుముందే చెప్పాను. నాయన పలక తీసుకుని ఒక్క మాట రాశాడు, "అడాప్టరు" అని. "అది గూడా కావొచ్చు" అని ఆ పెద్దాయన కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

కొత్తది కొంటానంటే నాయన ఒప్పుకోలేదు. "కంపెనీ సామాను, మనం మార్చకూడదు" అని పలక మీద రాశాడు. సర్కారు ఉప్పు తిన్న ఒళ్ళు గదా, ఆఫీసు సామానంటే ఇంకా అంత భక్తి అని ఎగతాళి చేశాను. నవ్వలేదు. చెరిపేసి "ఇది చాలు" అని రాశాడు. "నీకు చాలేమో, నాకు చాల్లేదు" అని బజారుకు పోయి కొత్త మోడెం తెచ్చాను. లైన్‌మాన్ వచ్చి అమర్చి, పాతదాన్ని ఆఫీసులో అప్పగిస్తానని సంచిలో వేసుకుని పోయాడు. వారమంతా ఆ కొత్తదాని లైటు ఒక్కసారైనా రెప్ప వెయ్యలేదు. పొద్దున లేవగానే ముందు దాన్నే చూసేదాన్ని.

ఆదివారం వచ్చింది. నాయన మూడున్నరకు కుర్చీలో లేడు. నాలుగు దాటాక, నేను రెండుసార్లు పిలిచాక వచ్చి కూర్చున్నాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. చిన్నాయన వచ్చాడు. వాన, మంచు, బీపీ మాత్ర. నేను కాఫీ కలుపుతూ వంటింట్లోంచి మీటల టకటక వింటున్నాను. ఉన్నట్టుండి అది ఆగింది. కాఫీ గ్లాసుతో గదిలోకొచ్చి తెర వైపు చూశాను.

"అన్నా, ఈ మాట అడిగితే నువ్వు పోతావు. తెలుసు. కోపం చేసుకోబాకు. అమ్మ నన్ను అడగలేదా?"

నాయన వేలు మీటల మీద లేదు. బల్ల పక్కన గోడకున్న స్విచ్చు మీద ఉంది. నా కళ్ళెదుటే నొక్కాడు. కొత్త మోడెం లైట్లు నాలుగూ ఒక్కసారే ఆరిపోయాయి.

నాకు కోపం నషాళానికి అంటింది. "ఏంది నాయనా ఇది! కంపెనీవాళ్ళను పుట్టుపూర్వోత్తరాలతో సహా తిట్టినానే! ఆ ముసలాయన ఎండలో స్తంభమెక్కినాడే! ఆదివారం ఆదివారం తెగిందంతా నీ వేలేనా?" అని అరిచాను. మునుపైతే దానికి రెండింతలు అరిచేవాడు. ఆ రోజు మాత్రం గోడ వైపే చూస్తూ కూర్చున్నాడు. ఇంకో మాట అనబోయి ఆగాను. మెడకు కట్టిన గుడ్డ ఎగిరెగిరి పడుతోంది. ఆయన ఏడుస్తున్నాడని నాకు దాన్ని చూస్తేనే తెలిసింది, ఏడుపుకు చప్పుడు లేదు.

పలక అందుకుని రాశాడు, "ఎట్ల చెప్పేది". చెరిపాడు. మళ్ళీ రాశాడు, "వాడు తట్టుకోడు".

నాకు సిగ్గేసింది. మోడెం మీద అరవడానికున్న నోరు, మూడేళ్ళ కిందట చిన్నాయనకు ఒక్క నిజం చెప్పడానికి లేకపోయింది. నేల మీద ఆయన కుర్చీ పక్కన కూర్చున్నాను.

"ఆ రోజు నేనూ పక్కనే ఉన్నా. నేనూ చెప్పలా. తప్పు నీదొక్కడిదే కాదు. చిన్నాయన మూడేళ్ళుగా తట్టుకుంటానే ఉండాడు నాయనా. ఇంక చాలు."

పలక పక్కన పెట్టాడు. తర్వాత తనే చేయి చాపి స్విచ్చు వేశాడు. లైట్లు ఒక్కొక్కటే రావడానికి రెండు నిమిషాలు పట్టింది. ఇద్దరం వాటినే చూస్తూ కూర్చున్నాం. చిన్నాయన వెళ్ళిపోలేదు. "ఉండావా అన్నా?" అని తెర మీద ఉంది.

నాయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. "ఉండా. అడిగింది. దినమూ అడిగింది. నేను అబద్ధం చెప్పినా."

అవతల చిన్నాయన ఏదో టైపు చేస్తున్నట్టు కింద చూపించింది. ఆగిపోయింది. మళ్ళీ చూపించింది, మళ్ళీ ఆగింది. నాయన చేతులు ఒడిలో పెట్టుకున్నాడు. చివరికి మూడు మాటలు వచ్చాయి.

"ఏమని అడిగింది అన్నా?"

ఏమనేదో నాకూ జ్ఞాపకముంది. పొద్దుగూకితే చాలు, మంచం మీంచే అవ్వ ఆ మాట మొదలుపెట్టేది. నేను చెప్పబోతే నాయన వద్దని చేయెత్తి, తనే కొట్టడం మొదలుపెట్టాడు. పది నిమిషాలకు పైనే పట్టింది. "చిన్నోడొస్తాడు, వాకిలికి గడియ పెట్టబాకండి అనేది. ఆ ఇరవై దినాలూ నేను గడియ పెట్టలా."

రాత్రిపూట వీధి తలుపు వేసే పని మా ఇంట్లో ఎప్పుడూ నాయనదే. అవ్వ మంచాన ఉన్నన్ని రోజులూ ఆయన తలుపు దగ్గరగా వేసి, గడియ పెట్టకుండా వచ్చి పడుకున్నాడని నాకు ఆ ఆదివారం దాకా తెలియదు.