ఊరికే చేతికొచ్చే ఆల్చిప్పలు

ఉత్తరాన మంచు సముద్రం ఒడ్డునున్న కాంగిక్సుజువాక్ ఊళ్లో ఎవరికైనా సముద్రపు రాయి వయసు తెలియాలంటే కుమాక్ దగ్గరికి వెళ్తారు. వయసంటే రాయిది కాదు, దాని మీద సాగే కాపురానిది. చలికాలంలో సముద్రం మీది మంచు పోటుకి లేస్తుంది, ఆటుకి దిగుతుంది. దిగేటప్పుడు ఏ రాయి మీద పడితే ఆ రాయి తోమిన గిన్నెలా బోసిపోతుంది. ముందు దాని మీద జిగురు పడుతుంది. ఆ తర్వాతెప్పటికో తెల్లటి గుల్లలు అతుక్కుంటాయి. అవి కుదురుకున్నాక గాని కందిగింజంత ఆల్చిప్ప పిల్లలు వచ్చి, నారలు పోసుకుని కూర్చోవు. అవి బొటనవేలంత కావాలంటే పదేళ్లయినా పడుతుంది.

ఒకసారి దక్షిణాది నుంచి చదువుకున్నాయన ఒకడొచ్చి, ఏమేం అతుక్కుంటాయో చూద్దామని నీళ్లలో పలకలు వేలాడదీశాడు. ఏడాది తర్వాత తీసి చూస్తే జిగురు తప్ప ఏమీ లేదు. పాపం, మొహం వేలాడేశాడు. మా సముద్రానికి నీ తొందరతో పనిలేదని కుమాక్ నవ్వింది.

ఈ చదువు ఆమెకు తేరగా రాలేదు. పున్నమి వెళ్లాక నీరు బాగా తీసినప్పుడు, మంచుకి కన్నం కొట్టి, ఖాళీ అయిన సముద్రపు అడుగుకి దిగి ఆల్చిప్పలు ఏరుకోవడం ఆ ఊరివాళ్ల అలవాటు. అరగంటే గడువు. తర్వాత నీరు ఎవరి మాటా వినదు. కుమాక్‌కి ఏడేళ్లప్పుడు ఆమె తల్లి ఉలాయు అలాగే దిగింది. నీరు రాకముందే మంచు కప్పు కూలింది. కన్నం దగ్గర కూర్చున్నది కుమాక్ ఒక్కతే. ఇంతకు మించి ఆమె ఎవరికీ ఏనాడూ చెప్పలేదు.

ఆ ఊళ్లో, చనిపోయినవాళ్ల పేరు పుట్టిన బిడ్డకి పెడితే, పేరుతోపాటు వరస కూడా వస్తుంది. కుమాక్ మనవరాలికి ఉలాయు పేరు పెట్టారు. అందుకే అరవై ఎనిమిదేళ్ల కుమాక్ ఇరవై మూడేళ్ల పిల్లని అమ్మా అంటుంది. ఆ పిల్ల ఆమెను కూతురా అంటుంది. ముచ్చటగానే ఉంటుంది గాని ఇందులో ఒక చిక్కుంది. కన్నతల్లికి ఎవరూ హుకుం జారీ చేయరు. ఉలాయు పుట్టిన దగ్గర్నుంచి కుమాక్ నోట "వద్దు" అన్న మాట వినలేదు. గారాబం నెత్తికెక్కిందని ఊరంతా చెవులు కొరుక్కునేది. అబద్ధమేం కాదు.

ఈ ఫిబ్రవరిలో కుమాక్ మోకాళ్లు మొరాయించాయి. తోడు దిగాల్సిన ఉలాయు మేనత్త మంచుబండి చెడిపోయి ఊళ్లోనే ఉండిపోయింది. ఆగుదామంటే నీరు ఆగదు. ఒక్కదానివే దిగకు అనాలని కుమాక్ అనుకుంది. అనలేదు. ఉలాయు తలకి లైటు కట్టుకుని కన్నంలోకి జారింది.

రాయి ఎలా ఉందని కుమాక్ పైనుంచి అడిగింది.

"అన్నీ పిల్లలే కూతురా. ఒకే సైజు, అచ్చు గుద్దినట్టున్నాయి."

కుమాక్‌కి అది నచ్చలేదు. అన్నీ ఒకే సైజంటే అన్నీ ఒకే వేసవిలో వచ్చినవి. అంటే ఆ రాతి మీద మంచు పడి ఎక్కువ ఏళ్లు కాలేదు. ఇక్కడ బాగాలేదేమో అమ్మా, ఇంకోచోట చూద్దామా అని మెల్లగా అడిగింది. ఉలాయు విన్లేదు, ఇంకా లోపలికి వెళ్లింది. లైటు వెలుగు మంచు కింద పల్చబడింది.

"ఇక్కడ పెద్దవి ఉన్నాయే, కుప్పలు కుప్పలు! మెలితిప్పే పని కూడా లేదు. ఊరికే చేతికొచ్చేస్తున్నాయి."

కుమాక్ కన్నంలోకి వంగింది. బతికున్న ఆల్చిప్ప రాతిని వదలదు, వేళ్లు కోసుకుపోయేలా మెలితిప్పాలి. ఊరికే చేతికొచ్చిందంటే దాన్ని మంచు పీకి పారేసింది. ఈ చలికాలమే. బహుశా నిన్ననే. ఇప్పుడు ఆ పిల్ల నెత్తిన ఉన్నది ఆ మంచే.

లోపలెక్కడో కప్పు కిర్రుమంది.

పైకి రా అనడానికి కుమాక్ నోరు తెరిచింది.  అలా పిలిస్తే, ఒక్క నిమిషం అనే జవాబొస్తుందని తెలుసు. అప్పుడు ఆమె గొంతులోంచి, ఆమె ఎన్నడో మరిచిపోయిన సన్నటి గొంతు వచ్చింది.

"అమ్మా, నాకు భయమేస్తోంది. నా దగ్గరికి రావే."

కింద చప్పుడు ఆగింది. వెలుగు ఇటు తిరిగింది.

"వస్తున్నా, వస్తున్నా. ఏడవకు," అని సణుగుతూ ఉలాయు సగం సంచితో పైకి పాకింది. ఒక మోకాలు ఇంకా కన్నం అంచు మీదే ఉండగా లోపల మంచు కప్పు దబ్బున కూలింది. కన్నంలోంచి నాచువాసన గాలి ఇద్దరి మొహాల మీదికి కొట్టింది.

ఉలాయు తలకున్న లైటు విప్పి మంచు మీద పెట్టింది. 

"అప్పుడూ ఇలాగేనా?" అంది.

"కప్పు కిర్రుమనడం విన్నాను," అంది కుమాక్. "పెద్దదానివి, నీకు తెలుసులే అనుకున్నాను. పిలవలేదమ్మా."

ఉలాయు సంచిలోకి చూసింది. 

"పిలిచినా వచ్చేదాన్ని కాదులే బిడ్డా. ఊరికే చేతికొస్తున్నాయి కదా."

ఆ మాట అన్నది మనవరాలా, తల్లా అని కుమాక్ అడగలేదు. అరవై ఒక్క ఏళ్లుగా రాని ఏడుపు ఆమెకిప్పుడు వచ్చింది. ఏడుస్తూనే సంచి అందుకుని, ఆల్చిప్పలన్నీ తిరిగి కన్నంలోకి ఒంపేసింది. కింద నీరు రావడం మొదలైంది.