తమ్ముడి కాయితాలు

ఫుట్‌బాల్ మ్యాచ్ మొదలయ్యే ముందు మైకులో నా పేరు చదువుతారు. నేను చెయ్యి ఎత్తుతాను. స్టాండ్లలో నలుగురైదుగురు ఈల వేస్తారు. ఆ పేరు నాది కాదు, మా తమ్ముడిది. నాకిప్పుడు ఇరవై ఒకటి. క్లబ్ దగ్గరున్న కాయితాల్లో మాత్రం పంతొమ్మిది. ఆ పంతొమ్మిది కూడా వాడిదే.

మాది భద్రాచలం అడవి అంచున ఒక తండా. మా చిన్నప్పుడు అక్కడ ఎవరికీ పుట్టినరోజులు ఉండేవి కావు. గోదావరి రోడ్డు మీదికొచ్చిన ఏడు నేను పుట్టాను, ఇప్పపూలు విపరీతంగా రాలిన ఏడు తమ్ముడు పుట్టాడు, అంతే. బడిలో చేర్చిన రోజు హెడ్మాస్టరు మా ఎత్తు చూసి ఏదో ఒక తారీఖు వేసేశాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. నా జీతం, నా ఆట అన్నీ ఆయన అంచనా మీదే నడుస్తున్నాయి.

స్పోర్ట్స్ హాస్టల్ సెలక్షన్‌కు పన్నెండేళ్ల లోపు పిల్లలే రావాలన్నారు. రికార్డులో నాకు పదమూడు. తమ్ముడికి పదకొండు. కానీ అప్పటికి ఆటగాణ్ణి నేనే. నేను ముళ్లలోకి తన్నిన బంతులు వాడు తెచ్చిచ్చేవాడు. నేను అన్నం మానేసి గోడకేసి తిరిగి పడుకున్నాను. మొండితనంలో నన్ను మించినవాడు మా తండాలో లేడు. రెండో రోజు మా నాయన బడికి పోయి తమ్ముడి టీసీ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"కాయితం ఎవలదైతే ఏంది? ఇద్దరు నా కొడుకులే గద" అన్నాడు.

ఆయనకు అందులో తప్పు కనబడలేదు. మేమిద్దరం ఒకే కంచంలో తినేవాళ్లం, ఒకరి చొక్కా ఒకరం తొడుక్కునేవాళ్లం. కాయితం కూడా అలాంటిదే అనుకున్నాడు పాపం. నాకు మాత్రం తెలుసు. పదమూడేళ్లవాడికి ఏం తెలుస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఖమ్మం దాకా బస్సులో తమ్ముడి పుట్టిన తేదీని బట్టీ పట్టుకుంటూ వెళ్లినవాణ్ణి నేను. తర్వాత ఆధార్ సెంటర్లో వాడి పేరు మీద నా పది వేళ్లూ ఆనించాను. దాంతో ఆ పని ఇక వెనక్కి తీసుకోలేనిదైపోయింది.

వాడికి మిగిలింది నా టీసీ. దాంతో వేరే ఊరి బళ్లో చేర్పిస్తే, అది చూసి ఆరులో కూర్చోవాల్సినవాణ్ణి ఎనిమిదిలో కూర్చోబెట్టారు. "ఇంత పెద్దగైనవ్, గీ లెక్క రాదా?" అని సార్లు తిట్టేవాళ్లట. వాడు నోరు విప్పలేదు. విప్పితే నా హాస్టల్ సీటు పోతుందని నాయన ముందే చెప్పి పెట్టాడు. పదో తరగతి తప్పాడు. అమ్మ ఆ మాట ఫోన్లో చెప్పినప్పుడు నేను కొత్త బూట్లకు లేసులు ఎక్కిస్తున్నాను. "వానికి సదువు మీద ధ్యాస లేదే అమ్మా" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఈలోగా వాడు ఆట నేర్చుకున్నాడు. ఎవరూ నేర్పలేదు. జామాయిల్ తోట నరికేసిన చోట, మొదళ్ల మధ్య బంతిని తప్పించుకుంటూ పోవడం అలవాటైంది. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు నన్ను ఒట్టికాళ్లతో మూడుసార్లు దాటేశాడు. నాలుగోసారి కావాలనే కింద పడేశాను. వాడు మోకాలు దులుపుకుని నవ్వాడు.

మూడేళ్ల క్రితం మా క్లబ్ వాళ్లు ఖమ్మంలో పదిహేడేళ్ల లోపు పిల్లలకు సెలక్షన్ పెట్టారు. అప్పటికి నేను వాళ్ల జూనియర్ టీములో ఉన్నాను. ఆ పిల్లలకు ఆట చూపించడానికి నన్నూ తీసుకొచ్చారు. లైన్లో మా తమ్ముడు నిలబడి ఉన్నాడు. నా పాత బూట్లు పెద్దవైతే ముందు గుడ్డ కుక్కి వేసుకొచ్చాడు. ఎడమ పక్క నుంచి వాడు బంతి తీసుకుపోతుంటే కోచ్ కుర్చీలోంచి లేచాడు. ఆయన ఎవరి కోసమూ లేచే మనిషి కాదు, నా కోసం ఎన్నడూ లేవలేదు.

తర్వాత కాయితాలు చూశారు. నా కాయితాలు. పద్దెనిమిది నిండాయి. వాడి అసలు వయసు పదహారు.

కోచ్ జాబితాలో పేరు కొట్టేస్తూ, ఒక్క రెండేళ్లు చిన్నవాడైతే ఈరోజే వెంట తీసుకుపోయేవాణ్ణని హిందీలో అన్నాడు. ఇంటిపేరు చూసి నావైపు తిరిగాడు. నీకేమవుతాడని అడిగాడు.

తమ్ముడు నావైపు చూశాడు. నేను ఒక్క మాట చెబితే చాలు. చెబితే నన్ను నిషేధిస్తారు, వాణ్ణి తీసుకుంటారేమో.

"మా అన్న సార్" అన్నాను.

వాడు బూట్లు విప్పి, గుడ్డలు తీసేసి, బూట్లు నా చేతికిచ్చాడు. కోచ్‌కు వినబడేలా "మంచిగ ఆడు తమ్మీ" అని భుజం తట్టాడు. నేను దొరికిపోకూడదని అలా పిలిచాడు. వాడు గేటు దాకా ఒట్టికాళ్లతో నడిచి వెళ్తుంటే నేను చూస్తూ నిలబడ్డాను. పిరికివాణ్ణి.

పోయిన నెల సీనియర్ టీము కాంట్రాక్టు ఇస్తామన్నారు. సంతకం పెట్టేముందు ఊరికి వచ్చాను. సారపాక రోడ్డు మీద జామాయిల్ కర్ర లారీలకెత్తే యార్డులో తమ్ముడు పనిచేస్తున్నాడు. పొద్దున్నే అక్కడికే పోయాను.

"కోచ్‌కు అంతా చెప్పేస్త రా" అన్నాను.

వాడు చేతులకు గుడ్డలు చుట్టుకుంటూ విన్నాడు. "చెప్తే ఏమైతది అన్నా? నీది పోతది. నాకు పంతొమ్మిదొచ్చినయ్, నన్నిప్పుడు ఎవలు పిలుస్తరు? అప్పుడే చెప్తే అయిపోతుండె."

కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఆ మాట విన్నాక నా గుండె మీద బరువు దిగింది. ఇక చెప్పనక్కర్లేదని దిగింది. అందుకు నన్ను నేనే అసహ్యించుకుంటున్నాను.

అప్పుడే సూపర్‌వైజరు పుస్తకం తీసి హాజరు పిలవడం మొదలుపెట్టాడు. నాలుగో పేరు నాది. నా అసలు పేరు. ఎన్నో ఏళ్లుగా బయటివాళ్ల నోట అది వినలేదు. పలకబోయాను.

"వచ్చిన సార్" అన్నాడు తమ్ముడు.

సూపర్‌వైజరు కళ్లద్దాల మీంచి నన్ను చూసి, "ఈ పిలగాడెవలు?" అని అడిగాడు.

"మా తమ్ముడు సార్. పెద్ద టీముల ఆడ్తడు" అని చెప్పి, వాడు కర్ర భుజానికెత్తుకున్నాడు.

నేను తల ఊపాను.