నీలిమందు పాఠం

1962 జూన్‌లో నన్ను అల్లూరు వైపు ఒక బ్లాకుకు ముఖ్యసేవికగా వేశారు. పేరులో ఉన్నంత ముఖ్యమేమీ ఉద్యోగంలో లేదు. పైన బి.డి.ఓ., కింద గ్రామసేవికలు, బాలసేవికలు, మధ్యలో బస్సు దిగి పొలంగట్ల మీద నడిచే మేము. జీపు మగ ఆఫీసర్లకే. దానిమీద నేను ఆఫీసులో పోట్లాడని నెల లేదు.

నా పనిలో ఒకటి బాలవాడీల తనిఖీ. మూడు నుంచి అయిదేళ్ళ పిల్లల్ని పొద్దున కూర్చోబెట్టి, గోళ్ళూ కళ్ళూ తలా చూసి, ఆడించి పాడించి, పాలపొడి కలిపిన పాలు తాగించి పంపడం బాలవాడి. క్రిముల గురించి చెప్పడానికి శిక్షణ కేంద్రం వాళ్ళు ఒక బొమ్మ ఇచ్చారు. నల్లగా, కోరలు పెట్టుకుని ఉంటుంది. అది గీసిన మహానుభావుడికి పిల్లలు లేరని నా నమ్మకం. దాన్ని చూసి పిల్లలు ఏడ్చారే గాని ఒక్కరూ చేతులు కడగలేదు.

ఊరి పేరు రాయను. అక్కడ బాలవాడి పంచాయతీ ప్రెసిడెంటుగారి వడ్లకొట్టులో నడిచేది. బాలసేవిక సుభద్రది బుచ్చిరెడ్డిపాలెం. నవ్విందంటే వీధి చివరికి వినపడుతుంది. నేను వెళ్ళిన రోజు మాత్రం నవ్వలేదు.

"అక్కా, ఒక మాటన్నాను. మంచిమాటే. ఆ పిల్లకి చెడ్డమాటయి తగిలింది" అంది.

జరిగింది ఇది. మంచినీళ్ళ కుండలో ఎవరూ చెయ్యి గాని గ్లాసు గాని ముంచకూడదు, పొడుగు కాడ గరిటెతో ఒకరు పైనుంచి పొయ్యాలి అని మా నియమం. నీళ్ళతో వచ్చే రోగాలకు అదే మొదటి కట్టడి. ఊరి బయట హరిజనులుండే పాలెంలోని క్రైస్తవుల పిల్ల రూతమ్మ, నాలుగేళ్ళది, దాహమేసి కుండ దగ్గరికి పోయింది. సుభద్ర "కుండ ముట్టుకోవద్దమ్మా" అంది. అదే మాట పక్కనున్న ఊరి పిల్లకీ చెప్పింది, అది నవ్వి వెనక్కి వచ్చింది. రూతమ్మ మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుని పోయి గడప బయట కూర్చుంది. మర్నాటినుంచి రాలేదు.

ఇద్దరం పాలెం పోయినాం. రూతమ్మ అవ్వ నాట్లు వేసి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది.

"కుండ ముట్టుకోగూడదని మీరు నేర్పబన్లేదమ్మా" అంది అవ్వ. "అది మాటలు నేర్చేటప్పుడే నేర్పినాం. దానికి బడెందుకు?"

నేను నియమం వివరించబోయాను. సుభద్ర అడ్డొచ్చింది. "రేపొక్క రోజు పంపించవ్వా."

"మళ్ళీ గడప బయట కూకోబెట్టేదానికా?"

"కుండ పక్కన నిలబెట్టేదానికి."

అవ్వ కాళ్ళు తుడుచుకుని సుభద్ర ఎదురుగా వచ్చి నిలబడింది. "నిలబెట్టకపోతే ఊళ్ళోకొచ్చి అడుగుతా" అంది. నాకు ఆ ముసలామె అక్కడే నచ్చింది.

మర్నాడు నేనూ ఉండిపోయాను. సుభద్ర తెల్ల పింగాణీ బేసిన్ నిండా నీళ్ళు పోయించి, బట్టలకు పెట్టే నీలిమందు తన వేళ్ళకు రుద్దుకుని ముంచింది. నీళ్ళు నీలమయినాయి. నీలం కంటికి కనపడుతుంది, క్రిమి కనపడదు, చేతిలోంచి నీళ్ళలోకి పోవడం మాత్రం రెండిటిదీ ఒకటే దోవ అని చెప్పింది. ఎవరి చెయ్యి చూద్దామనగానే ప్రెసిడెంటుగారి మనవడు "నాదీ! నాదీ!" అని ముందుకు దూకాడు. వాడి వేళ్ళకూ రుద్ది ముంచితే ఇంకా నీలమయింది. పిల్లలు కేరింతలు. కోరల బొమ్మ చెయ్యలేని పని అణా ఖరీదు చేసే నీలిమందు చేసింది.

తర్వాత రూతమ్మ చేతులు సబ్బుతో కడిగించి, కుండ పక్కన నిలబెట్టి, గరిటె ఇచ్చింది. నాలిక బయటపెట్టి, ఒళ్ళంతా కళ్ళు చేసుకుని పోసింది ఆ పిల్ల. సగం గ్లాసుల్లో, సగం కాళ్ళమీద.

గంట తిరక్కుండా ప్రెసిడెంటుగారు వచ్చినారు.

"మావాడి చేతుల్లో పురుగులున్నాయని పాఠం చెప్పినావంటనే?"

"ఉన్నాయయ్యా. ముందు నా చేతుల్లో చూపించి, తర్వాతే బాబు చేతుల్లో చూపించాను."

"ఆ పాలెం పిల్ల చేతుల్లో లేవా?"

"కడిగింది గదయ్యా. అందుకే గరిటె దాని దగ్గరుంది."

ఆయన కోప్పడలేదు. "సరే, రేపట్నుంచి గరిటె మావాడికియ్యి. ఎవరికీ ఇబ్బంది ఉండదు" అన్నారు. తన దృష్టిలో అది పెద్దమనసే.

"ఇస్తానయ్యా, వరసలో. ఒక రోజు బాబు, ఒక రోజు రూతమ్మ."

"వరసలూ గిరసలూ నా కొట్లో కుదరవు."

నేను రాజ్యాంగం ఎత్తుకుందామని నోరు తెరిచాను. అంతలోనే సుభద్ర కుండ చంకకెత్తుకుని, గరిటె రూతమ్మకు పట్టించి, బయటికి నడిచింది. పాలెం పిల్లలూ, దూదేకుల సాయిబు పిల్లలిద్దరూ వెంట పోయినారు. మిగిలినవాళ్ళు అరుగులమీంచి చూశారు. సాయంత్రానికి కొట్టుకు తాళం పడింది. బాలవాడి పాలెంలోని ప్రార్థనపాకకు మారింది.

"ఒక్క గరిటె కోసం అంత మంచి బిల్డింగు పోగొట్టుకున్నారేమమ్మా?" అన్నారు బి.డి.ఓ.గారు.

"బిల్డింగు ఉంచుకుంటే పిల్ల పోతుంది సార్. ఏది పోవాలో మీరే రాసివ్వండి."

ఆయన రాయలేదు. "పాకకు అద్దె ఇవ్వలేం" అన్నారు.

"వాళ్ళడగలేదు సార్" అన్నాను.

వానలు వెలిసినాక ఊళ్ళోంచి కొందరు పిల్లలు పాకకు రావడం మొదలుపెట్టారు. పాలపొడి కోసం అన్నారు ఆఫీసులో. కావచ్చు. దేనికోసం వచ్చినా రూతమ్మ వంతు రోజున రూతమ్మ పోసిన నీళ్ళే తాగారు. ప్రెసిడెంటుగారి మనవణ్ణి మాత్రం పంపలేదు.

సుభద్రంత తెగువ ఉన్నవాళ్ళు నాకు సర్వీసులో మళ్ళీ తగల్లేదు. తర్వాత నేను బాలసేవికలకు శిక్షణ ఇచ్చినన్నాళ్ళూ, ఆరోగ్య నియమం చెప్పే ముందు ఆ మాటే వినే పిల్ల ఇంతకుముందు ఎవరినోట, ఎందుకు విన్నదో కనుక్కోమని చెప్పేదాన్ని. చెడ్డగా విని ఉంటే నియమాన్ని వదలక్కర్లేదు. దాన్ని మొదట ఎవరి చేతిమీద రుజువు చెయ్యాలో చూసుకుంటే చాలు.