వేలి గణుపుతో కొట్టి చూసిన మనిషి

మా కారు బాగుచేసే మెకానిక్ పోయారని శుక్రవారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది ఆయన షెడ్డు ఎదురుగా టీ కొట్టు నడిపే అతను. "మేడం, ఉస్తాద్ పోయిండు. పొద్దుగాల నమాజ్‌కు లేసిండట, గట్లనే కూలవడ్డడట. జుమ్మా నమాజ్ అయినంక మట్టి చేస్తరట" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. మూడు నెలలుగా మా ఇద్దరికీ మాటల్లేవు. ఆయన ముందు పెట్టి "ఇదిగో, చూసుకోండి" అనడానికి తెప్పించిన వస్తువు నా కారు డిక్కీలో అట్టపెట్టెతో సహా ఉంది. ఆదివారం వెళ్దామనుకున్నాను. రెండు రోజులు ఆగలేకపోయారు ఆ పెద్దమనిషి.

ఎంత మంచివారో అని ఇప్పుడు మా కాలనీ వాట్సాప్ గ్రూపులో అందరూ రాస్తున్నారు. వాళ్ళలో సగం మంది ఆయన్ని పొగరుబోతు అన్నవాళ్ళే. అందరికంటే ఎక్కువసార్లు అన్నది నేను. అందులో అబద్ధమూ లేదు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే దారిలో ఆయన రేకుల షెడ్డుకి బండి తీసుకెళ్తే ముందు బండికి కాదు, మనకి పడేవి చీవాట్లు. మొదటిసారి నేను "ఉస్తాద్ గారూ" అని పిలిస్తే, "ఉస్తాద్ అంటే సాలు. గారు గీరు మీ దిక్కు పెట్టుకోండ్రి. బండి సర్వీసింగ్ ఎప్పుడు జేయించినవ్, గది చెప్పు" అన్నారు. నేను చెప్పలేకపోయాను. అప్పటి నుంచీ లోకువే.

ఆయనకి రెండు అలవాట్లు ఉండేవి. ఏ బండి వచ్చినా సైలెన్సర్ దగ్గర తెల్ల రుమాలు కాసేపు పట్టి, దాని మీద పడ్డ మసి చూసేవారు. తర్వాత బండి కింద దూరి, కన్వర్టర్‌ని వేలి గణుపుతో కొట్టి చెవి పెట్టేవారు. ఇంజను వదిలే విషపు పొగను బయటికి పోకముందే శుభ్రం చేసే ఇనుప డబ్బా అది. లోపల తేనెపట్టులా సన్నటి గూళ్ళుంటాయి. అది బాగుంటే మూగగా పలుకుతుంది, విరిగితే గలగలమంటుంది. బిగించాల్సిన వస్తువు నంబరు రేకు గోడ మీద సుద్దముక్కతో రాసుకుని, పని పూర్తయ్యాక పక్కన ఒక టిక్కు పెట్టేవారు. ఆ టిక్కు పడేదాకా తాళంచెవి మన చేతికి రాదు.

నా కారుకి పదిహేనేళ్ళు నిండబోతున్నాయి. రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించుకోవాలి, దానికి పొగ పరీక్ష కాగితం కావాలి. ఉస్తాద్ కొట్టి చూస్తే గలగలమంది. "కొత్తది వేసెయ్యండి" అన్నాను. "పాతది ఎందుకు సచ్చిందో చూడొద్దా? ప్లగ్గులు సరిగ్గ కాలుస్తలెవ్వు. పైపు కారుతాంటె గోడకు సున్నమేస్తవా?" అని ముందు ఇంజను పని పట్టారు. వారం పోయింది. నేను ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన కన్వర్టర్ తెప్పించాను. దాని మీద ముద్రా లేదు, నంబరూ లేదు. "గిది కన్వర్టర్ కాదు, డబ్బా. వాపస్ పంపు" అన్నారు. రెండోది తెప్పించాను. అది మా కారు మోడల్‌దే గానీ డీజిలు బండిది, నాది పెట్రోలు. మళ్ళీ వాపస్. "నీ ఇంజనుకు, నీ బండి ఏ బీఎస్‌దో గా పొగ రూలుకు సరిపోవాలె. కంపెనీ నంబరుండాలె, సర్కారు ఒప్పుకున్నదై ఉండాలె, బిల్లుండాలె. షోరూముకు పో, చాసిస్ నంబరు చెప్పు" అన్నారు.

అప్పుడు నేనొక మాట అన్నాను. ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. "షోరూమ్‌ వాళ్ళు మీకేమైనా ముట్టజెబుతున్నారా?" అన్నాను. ఆయన అరవలేదు. పానా కింద పెట్టి, చేతులు తుడుచుకుని, తాళంచెవి ఇచ్చేశారు. "పో మేడం" అన్నారు.

పోయాను. ఇంకో షాపులో అడగ్గానే కన్వర్టర్ తీసేసి, దాని చోట ఖాళీ డబ్బా వెల్డింగ్ చేసి ఇచ్చారు. పైగా "పికప్ పెరుగుద్ది" అని చెప్పారు, దొంగ సచ్చినోళ్ళు. రోడ్డు పక్క పొల్యూషన్ వ్యానువాడు పైపులో గొట్టం కూడా పెట్టకుండా కాగితం చేతిలో పెట్టాడు. ఇలాంటి కాగితాలు మీలోనూ కొందరి దగ్గర ఉండే ఉంటాయి.

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? బ్రేకులు చూపించే వంకతో ఉస్తాద్ దగ్గరికే వెళ్ళి, "కొత్తది వేయించుకున్నాను, మీరొక్కరే ఉన్నారా ఏంటి?" అన్నాను. ఆయన రుమాలు పట్టారు. నల్లబడింది. కింద దూరి గణుపుతో కొట్టారు. ఖాళీ బిందెలా మోగింది. బయటికొచ్చి చాలాసేపు దగ్గారు. ఆ దగ్గు అప్పటికే ఏడాదిగా ఉంది.

"జీడిమెట్ల మందుల కంపెనీల ఏం పని జేస్తవ్ నువ్వు?"

"క్వాలిటీ."

"లోపల మందు లేని గోలీ మీద ముద్ర గొడ్తవా?"

"కొట్టను."

"మరి గిదేంది?" అన్నారు. ఇంకోసారి దగ్గి, "పొగ నీకు రాదు. నువ్వు ముందట కూసుంటవ్. ఎన్కున్నోనికి వస్తది. నలబై ఏండ్ల సంది ఎన్క ఉన్నది నేను. ఇగ ఈ బండి నా షెడ్డుల పెట్టకు" అన్నారు.

ఆ రోజు నుంచి కాలనీలో కనబడిన ప్రతి ఒక్కరికీ ఆయన పొగరు గురించి చెప్పాను. ఆయన మాట మాత్రం నన్ను వదల్లేదు. లేబుల్ తప్పు పడిన బ్యాచ్‌ని తిప్పి పంపుతూ సంతకం చేసేటప్పుడల్లా ఆ గొంతే వినబడేది. నాకేదో జ్ఞానోదయం అయిందని అనుకోకండి. చిరాకు భరించలేక షోరూముకి వెళ్ళాను. చాసిస్ నంబరు చెప్పి, అసలు కన్వర్టర్‌కి ఆర్డరిచ్చాను. పాత మోడల్ కదా, వారాల తరబడి రాలేదు. చివరికి బుధవారం వచ్చింది. ఆయన ముందు పెట్టె విప్పి, నోరు మూయించి, ఆ తర్వాత అన్న మాటకి క్షమాపణ అడుగుదామనుకున్నాను. వరస అలాగే అనుకున్నాను, ముందు గెలుపు, తర్వాత క్షమాపణ.

ఆదివారం వెళ్ళాను. షెడ్డు తలుపు దగ్గరగా వేసి ఉంది. టీ కొట్టతను వచ్చి తీశాడు. రేకు గోడ నిండా నంబర్లు, పక్కన టిక్కులు. మూలగా నా కారు నంబరు కనబడింది. దాని కింద పొడుగాటి నంబరు ఒకటి ఆయన చేతిరాతతో ఉంది. టిక్కు లేదు.

"ఇది ఎప్పుడు రాశారు?" అన్నాను.

"పోయిన నెల. షోరూముకు ఫోన్ జేసి ఆయనే అడిగిండు. 'ఆమె వస్తది. తిట్టుకుంట తిట్టుకుంట వస్తది. వచ్చినప్పుడు ఎతుకుడు ఉండొద్దు' అన్నడు."

డిక్కీ తీసి పెట్టె తెచ్చాను. కన్వర్టర్ మీద చెక్కిన నంబరునీ గోడ మీది నంబరునీ ఒక్కో అంకె మీద వేలు పెట్టి సరిచూశాను. అన్నీ కలిశాయి. గణుపుతో కొట్టాను. మూగగా పలికింది.

"ఇప్పుడిది ఎవరు బిగిస్తారు?" అని అరిచాను. గోడ మీదే అరిచాను. "వస్తానని తెలుసు కదా మీకు, ఎలా పోయారు?" టీ కొట్టతను తల దించుకుని బయటికి వెళ్ళిపోయాడు.

రెంచీల బల్ల అంచున అరిగిపోయిన సుద్దముక్క ఉంది. దాని పక్కనే ఉతికి మడిచిన తెల్ల రుమాలు.