మిస్ వేళ్ళకు రాసిన సముద్రం

మా పియానో మిస్ పోయారని పదిరోజుల కిందట బంగారుపేట స్టేషన్లో ఉండగా తెలిసింది. ఫోన్ చేసింది ఆమె చెల్లెలు. "అక్క ఇంగ లేదమ్మా" అంది. ఏడుపొచ్చింది. దాని వెనకే కోపమూ వచ్చింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చదివేవాళ్ళు ఏమనుకున్నా సరే, నేను రెండూ చెబుతాను.

మా ఊరు మారికుప్పంలో మాకు తెలిసిన పియానో మా స్కూల్లోని ఆ పాతదొక్కటే. పాఠానికి కూర్చోబోతే, చేతులు కడుక్కున్నానో లేదో మిస్ వాసన చూసి మరీ తేల్చుకునేవారు. నేను కంగారుపడి వాయిస్తే, "తొందర యాడికే? ఈ రైలు పోతే ఇంగోటి వస్తాది" అనేవారు.

చిన్నప్పుడెప్పుడో తలుపు సందులో పడి ఆమె ఎడమచేతి రెండు వేళ్ళు వంగేవి కావు. మిగతా ఎనిమిదింటితో ఆమె వాయిస్తుంటే టీవీలో చూసిన ఆక్టోపస్ గుర్తొచ్చేది. కాలేజీలో చేరాక కూడా ఆమె దగ్గరికి పాఠానికి వెళ్ళేదాన్ని, అప్పుడు ఆ ఎనిమిది వేళ్ళ కోసమే ఒక పాట కట్టాను. మొదట తాబేలు ఇసుకలో ఈడ్చుకుంటూ వస్తుంది, నడుమ ఆక్టోపస్, చివర తిమింగలం మునిగిపోతుంది. మేమిద్దరం సముద్రం చూసిన పాపాన పోలేదు. "తిమింగలానికి ఇంత గలాటా ఏలనే? నిదానంగా పోనీ" అని మిస్ ఒక్కచోట దిద్దారు. "అందరి ముందరా నేనే వాయిస్తాను" అన్నారు. నా కాళ్ళు నేలమీద ఆనలేదు.

స్కూల్ వార్షికోత్సవంలో వాయించారు. నేనూ అమ్మా రెండో వరసలో ఉన్నాం. చప్పట్లు ఆగాక హెడ్మిస్ట్రెస్, "శానా బాగుండాది, ఎవురు రాసింది మిస్?" అని అడిగారు. నేను లేవబోయాను.

"నేనే" అన్నారు మిస్.

అమ్మ నా చెయ్యి పట్టి లాగింది. "పెద్దామె, గమ్మునుండు" అంది. మర్నాడు మళ్ళీ పాఠానికి వెళ్ళాను. వెళ్ళక ఏం చేస్తాను, ఇంకో పియానో ఎక్కడుంది? ఆమె ఆ మాట ఎత్తలేదు. ఎప్పటికైనా తనే ఎత్తుతారని ఇన్నేళ్ళూ కాచుకున్నాను. నా వేళ్ళకొచ్చిన విద్యంతా ఆమె పెట్టిందే. వాటితో నేను చేసుకున్న మొదటిదాన్ని ఆమే లాక్కున్నారు. ఎంత కడుపుమంటో!

సంతాపసభ కూడా స్కూల్లోనే. "మిస్ రాసిన పాట వాయించమ్మా" అని మైకులో పిలిచారు. పియానో ముందు కూర్చుని, జనం వైపు తిరిగి, "ఇది నేను రాసింది. మిస్ కోసం రాశాను" అన్నాను.

మిస్ చెల్లెలు లేచి నా దగ్గరికి వచ్చింది.

"నాకు తెల్సమ్మా. అక్క ఎప్పుడో చెప్పినాది" అని నా చెవిలో అంది. "ఈ పొద్దు మాత్రం వద్దు తల్లీ."

నెమ్మదిగా పియానో మూత మూసేసింది. వాయించడానికి ఎత్తిన నా చేతులు ఆ నల్లటి మూత మీదే ఉండిపోయాయి.