తాళం తీసినా ఆగని బండి

తాళం చెవి బ్యాగులో వేసుకుని వదిన కారు దిగింది. ఇంజను మాత్రం వణుకుతూ, దగ్గుతూ ఇంకో ఎనిమిది సెకన్లు తిరిగింది.

"చూశావా మరిదీ! నా మాట ఇంట్లోవాళ్లే కాదు, ఇదీ వినడం లేదు."

మెకానిక్ షెడ్డు నడిపే ఆ మరిదిని వీధిలో అందరూ 'నిదానం' అని పిలుస్తారు. వయసు యాభై తొమ్మిది. పాత పెట్రోలు బళ్లు తప్ప ముట్టుకోడు. వదిన, అంటే ఆయన అన్న భార్య, ముప్ఫై ఒక్కేళ్ల నాటి ఈ కారులోనే డ్రైవింగ్ నేర్పుతుంది. మర్నాడు పదింటికి తనిఖీ. తాళం తిప్పగానే బండి ఆగకపోతే నేర్పే అనుమతి పోతుంది.

"లోపల మసి పేరుకుంది వదినా. ఆ పెచ్చులు నిప్పుకణికల్లా ఎర్రబడి, స్పార్కు లేకపోయినా పెట్రోలును అంటిస్తున్నాయి. హెడ్డు విప్పాలి."

"విప్పు. నీ పేరు మాత్రం సాయంత్రం దాకా మర్చిపో."

హెడ్డు అంటే ఇంజను మూత. అది లేపేసరికి పిస్టన్ల మీద మసి మాడిన గిన్నె అడుగులా ఉంది. కిరసనాయిలు పోసి నాననిచ్చాడు. గోకడానికి ఇనుము వాడడు, గీతలు పడతాయి. అరగదీసిన గట్టి చెక్కముక్క వాడతాడు. పిస్టను అంచున సన్నటి మసి వలయం వదిలేస్తాడు. అది కూడా గీకేస్తే పాత ఇంజను నూనె తాగడం మొదలుపెడుతుంది.

గోకిన రవ్వలు లోపలికి జారకుండా ప్రతి రంధ్రంలోనూ గుడ్డ కుక్కుతాడు. ఆ గుడ్డల సంగతిలో ఆయనకో పద్ధతి ఉంది. కూతురి చిన్ననాటి దుప్పటిని పన్నెండు ముక్కలు చేశాడు. దాని మీద పెద్ద రైలుబొమ్మ. హెడ్డు బిగించేముందు ముక్కలన్నీ నేలమీద పేరుస్తాడు. రైలు పూర్తయితే లోపల ఏదీ మిగల్లేదని లెక్క.

ఆ రోజు పేర్చలేదు. వదిన పక్కనే స్టూలు వేసుకుని, డ్రైవింగ్ నేర్చుకోడానికి కొత్తగా చేరినాయన గేరు అనుకుని వైపరు పుల్ల లాగిన కథ చెబుతోంది. నవ్వుతూ నవ్వుతూ, మూత కింద సందు లేకుండా పరిచే పలచటి రేకు, కొత్త గాస్కెట్టు వేశాడు, హెడ్డు పెట్టాడు, మధ్య నుంచి అంచులకు బోల్టులు వరసగా బిగించేశాడు. ఆ తర్వాత గుడ్డలు పేర్చి చూస్తే రైలుకు పొగగొట్టం లేదు.

"వదినా, పదకొండే ఉన్నాయి."

"సరిగ్గా చూడు."

మళ్లీ పేర్చాడు. ప్లగ్గులు తీసి టార్చి వేశాడు, కొక్కెం వంచిన తీగతో నాలుగు సిలిండర్లూ వెతికాడు. ఏమీ లేదు. అయినా నీళ్లు పారే దారులున్నాయి, వాటిలోకి చూపు పోదు. హెడ్డు మళ్లీ విప్పితే నలిగిన గాస్కెట్టు పనికిరాదు. ఈ మోడలుకు ఇంకోటి దొరకాలంటే వారం పడుతుంది.

"స్టార్ట్ చేసి చూస్తే?" అంది వదిన.

"గుడ్డ నీళ్ల దారిలో అడ్డం పడితే ఇంజను వేడెక్కి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. స్టీరింగు ముందు ఎవరుంటారో మీకు తెలుసుగా."

వదిన స్టూలు వెనక్కి జరిపింది. "సరే, విప్పు. నీకే నమ్మకం లేని బండిలో నేనెవర్నీ కూర్చోబెట్టను. అనుమతి పోతే పోయింది."

ఆయన మొదటి బోల్టుకు స్పానరు తగిలించాడు. చూడలేక ఆమె కళ్లద్దాలు తీసి చేతిలోని గుడ్డతో తుడుచుకోసాగింది.

"ఆగండి. ఆ గుడ్డ ఎక్కడిది?"

"ఇక్కడే పడుంటే తీశా. ఏం, నీ సొత్తా?"

"పొగగొట్టం వదినా అది!"

"అయ్యో రాత! చెప్పవేం మరి?"

"మీరు చెప్పనిస్తేగా!"

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేస్తే, మిగిలిన కిరసనాయిలు తగలబడి వీధంతా తెల్లటి పొగ కమ్మింది. ఎదురింటావిడ కిటికీలు మూసుకుంటూ తిట్టింది. పొగ తగ్గాక వదిన తాళం తిప్పింది. ఇంజను టక్కున ఆగింది. నమ్మకం చాలక ఆరుసార్లు తిప్పి చూసింది.

మర్నాడు తనిఖీ అధికారి ఒక్కసారే తిప్పాడు. అనుమతి మూడేళ్లకు ఇచ్చాడు.